ఇసుకతిన్నె క్రింది మంచినీరు

నర్సీపట్నము నుండి చూచినచో సముద్రము కనబడదు. అయినను ఆ ప్రాంతపు కొండలమీద కురిసిన వాన తుదకు చేరునది సముద్రమునే. తాండవ నది నాతవరము దాపున జలాశయములో నిలిచి, పొలములను తడిపి, తునికిని పాయకరావుపేటకును నడుమగా సాగి, పెంటకోటవద్ద కడలిలో కలియుచున్నది. కావున తీరమందలి నీటి సంగతి మెట్టవారికి పరాయి సంగతి కాదు. ఓడరేవులు, కర్మాగారములు, విహారశాలలు అని తీరభూములను కోరువారు నానాటికి పెరుగుచున్నారు. ఈ కోరికలన్నింటిలో చూపునకు మిక్కిలి సాధువుగా కనిపించునది గోల్ఫు మైదానము. పొగగొట్టము లేదు, మోత లేదు, ఉన్నదెల్ల పచ్చిక. పచ్చికవలన కీడేమి యని శ్రోతలు అడుగవచ్చును. బదులు చెప్పుటకు ఆ యాట పుట్టినచోటికి ఒకసారి పోయి రావలెను.

గోల్ఫు స్కాట్లండు దేశపు సముద్రతీరమున పెరిగిన యాట. పంటపొలములకును కడలికిని నడుమనుండు ఇసుకనేలను అచ్చట లింక్సు అందురు. ఆ నేల సేద్యమునకు పనికిరాదు. గొఱ్ఱెలు మేయును, జనులు బంతి కొట్టుకొందురు. యువకులు విలువిద్య మాని ఈ యాటలో మునుగుచున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీనిని నిషేధించినదట! మన దేశమున కలకత్తాలో 1829లోనే గోల్ఫు క్లబ్బు వెలసినది. విశాఖపట్నమున ముడసర్లోవ దాపున ఈస్ట్ పాయింట్ క్లబ్బువారి మైదానము కలదు. అది కొండల నడుమ లోయలో నున్నదేగాని ఇసుకతిన్నెలమీద లేదు.

స్కాట్లండులో ఏడాది పొడుగున జల్లు పడును. గడ్డి దానంతట అదియే మొలచును. మన తీరమునకు వానలు ముఖ్యముగా జూను మొదలు నవంబరు వఱకే. తక్కిన కాలమున పచ్చికను బ్రతికించునది మనుష్యుడు పోయు నీరే. ఇచ్చట ఒక చిన్న లెక్క వేసికొందము. 18 గుంతల మైదానమునకు సుమారు 120 మొదలు 150 ఎకరముల నేల పట్టును. అందులో నీరు పెట్టవలసిన పచ్చిక 30 హెక్టారులే యనుకొందము. వేసవి యెండకు అది దినమునకు 5 మిల్లీమీటర్ల నీటిని ఆవిరిగా విడిచినచో, హెక్టారునకు 50,000 లీటర్లు, మొత్తము 15 లక్షల లీటర్లు కావలెను. పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్ల కుళాయినీరు ఈయవలెనని 2019లో ఆరంభమైన జలజీవన పథకము నిర్ణయించినది. ఆ లెక్కన ఇది 27,000 మంది నీరు.

ఈ నీరు ఎక్కడనుండి వచ్చును? తీరగ్రామములవారు ఇసుకలో చెలమ తీసి తియ్యని నీరు తోడుకొనుట మనము ఎరిగినదే. పది బారల దూరములో ఉప్పు సముద్రముండగా అక్కడ మంచినీరు ఎట్లు నిలిచినది? ఇసుకతిన్నెమీద పడిన వాన నేలలోనికి ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై తేలుచుండును. మంచినీటికంటె ఉప్పునీరు నూటికి రెండున్నరపాళ్లు బరువు. ఆ స్వల్పభేదమే ఈ నిధిని కాపాడుచున్నది. సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగు నిలిచిన చోట, క్రింద సుమారు నలుబది అడుగుల లోతువఱకు మంచినీరే యుండును. ఈ సూత్రమును పందొమ్మిదవ శతాబ్ది చివర గైబెన్ అను డచ్చివాడును, 1901లో హెర్ట్స్‌బెర్గ్ అను జర్మనును వేర్వేరుగా వెల్లడించిరి.

దీనిలోనే అపాయమును ఉన్నది. యంత్రముతో తోడి పైమట్టమును ఒక అడుగు దింపినచో, క్రిందినుండి ఉప్పునీరు కాలక్రమమున నలుబది అడుగులు పైకి ఎగబ్రాకును. బావి ఎండిపోదు, చెడిపోవును. ఎండిన బావి మరుసటి వానకు నిండవచ్చును. ఉప్పుపట్టిన బావి తేరుకొనుటకు ఏండ్లు పట్టును. పైగా పచ్చికకు వేయు నత్రజని ఎరువు ఇసుకలో నిలువదు, నీటితో కూడ దిగి చెలమను చేరును. వరిరైతును ఎరువులు వాడుచున్నాడు గదా యని ఎవరైన అన్నచో కాదనలేము. కాని రైతు ఇసుకతిన్నెను చదును చేయడు. బాలబందితీగయు, రావణాసురుని మీసములని పిలువబడు గడ్డియు పట్టి నిలిపిన తిన్నెలే ఉప్పెనకు మొదటి అడ్డుకట్ట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకిన నాటి గాలిని చూచినవారికి ఆ అడ్డు విలువ తెలియును.

శుద్ధిచేసిన మురుగునీటిని వాడవచ్చునని, ఉప్పునోర్చు గడ్డిజాతులు కలవని మైదానముల పక్షమువారు చెప్పుదురు. అది నిజమే. అట్టి నీటిని పట్టణమునుండి కొనితెచ్చు ఖర్చును మొదటి అంచనాలోనే చూపుమని అడుగవలెను.

ఇక రాబడి. స్కాట్లండులోనే అబర్డీను దాపున మెనీ అనుచోట డొనాల్డ్ ట్రంప్ సంస్థకు 2008లో అనుమతి లభించినది. నూరుకోట్ల పౌండ్ల పెట్టుబడి వచ్చునని, వేలకొలది ఉద్యోగములు కలుగునని చెప్పిరి. 2012లో మైదానము తెరచిరి. వాగ్దానములో చిన్న భాగమే కట్టబడినది; తొలి పదేండ్లును లెక్కలు నష్టమునే చూపినవి. కదలెడి ఇసుకతిన్నెలకు ప్రసిద్ధమైన ఆ తీరఖండము రక్షితస్థలముగా నుండెడిది; దాని ప్రత్యేకత చెడినందున 2020లో ఆ హోదాను తొలగించిరి.

మన తీరమున చిక్కు మరియొకటి కలదు. వలలు ఆరవేయుచోటు, చేపలు ఎండబెట్టు ఇసుక, పడవకు పోవు దారి — ఇవి బెస్తకుటుంబములకు జీవనాధారములైనను చాలచోట్ల పట్టాలలో లేవు. కావున నష్టపరిహారపు పద్దులో అవి కనబడవు. మైదానమున తోటపనివారికి, బంతులసంచి మోయువారికి దొరకు జీతము మాత్రము ఆదాయపు పద్దులో చక్కగా కనబడును.

చట్టము దీనిని గుర్తింపకపోలేదు. 1991 ఫిబ్రవరి 19నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటనము, అలంకారమునకో వినోదమునకో ఇసుకతిన్నెలను మార్చుటను నిషేధించినది. పోటుగీటునకు 200 మీటర్లలోపల భూగర్భజలము తోడరాదన్నది. 2011లోను 2019లోను క్రొత్త ప్రకటనములు వచ్చినవి. ఈ చివరిదానిలో జనసాంద్రత ఎక్కువైన గ్రామీణ తీరములందు నిర్మాణ నిషేధపు హద్దును 200 మీటర్లనుండి 50 మీటర్లకు తగ్గించుటకు వీలు కల్పించిరి. విశాఖకును భీమునిపట్నమునకును నడుమనున్న ఎఱ్ఱమట్టి దిబ్బలు 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాకెక్కినవి. పేరులేని తిన్నెలకు అట్టి అండ లేదు.

అందుచేత తీరగ్రామములలో ఇప్పుడే చేయదగిన పని యొకటి కలదు. ఒక త్రాడును రాతిని తీసికొని, ఏటేట వైశాఖమున ఊరిబావిలో నీరెంత లోతున నున్నదో కొలిచి, తేదీతో వ్రాసియుంచుట. ఒక సీసా నీటిని భూగర్భజల శాఖకు పంపి ఉప్పెంతయో తెలిసికొనుట. ప్రజాభిప్రాయ సభలో మైదానపు పటము బల్లమీద పరచిననాడు, దాని ప్రక్కన పెట్టుటకు ఆ పుస్తకము ఉండవలెను.