స్పర్శ లేని దర్శనము

శ్రీశైల క్షేత్రమునకు పశ్చిమ ద్వారమని ప్రసిద్ధిగాంచిన అలంపురము గద్వాల సీమలోను, ఉత్తర ద్వారమని పేర్కొనబడు ఉమామహేశ్వరము నాగర్‌కర్నూలు కొండలలోను ఉండుటచేత, మన ప్రాంతపు వారికి యాత్ర యనగానే ముందుగా స్ఫురించునది స్పర్శదర్శనము. స్వామిని కన్నులతో చూచినంత మాత్రమున మనకు తృప్తి కలుగదు. చేయి చాచి లింగమును తాకి, ఆ చేతిని కన్నుల కద్దుకొనిన పిమ్మటగాని యాత్ర ఫలించినదని మనసొప్పదు. ఇంత గాఢమైన అలవాటు గలవారు కుటుంబసమేతముగా అండమాను దీవులకు బయలుదేరి, ముఖమునకు అద్దపు ముసుగును, నోటికి గొట్టమును తగిలించుకొని, సముద్రము మీద బోరగిల తేలుచు అడుగున ఉన్న ప్రవాళభిత్తికలను చూడగోరుదురు. ఆ వేడుకను స్నార్కెలింగు అందురు. సంతోషమే, అయితే అది కన్నులతో చూచుటయే గాని చేతితో తాకుట లేని యాత్ర యని ఇల్లు కదలక మునుపే మనసున నాటుకొనవలెను.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో పుట్టినవానికి నీరు క్రొత్త గాదు. కాని మన నీరు వేఱు, ఆ నీరు వేఱు. వరద దినములలో జూరాల గేట్లు ఎత్తినప్పుడు కృష్ణమ్మ ఎఱ్ఱగా, చిక్కగా దుముకుట మనమందఱము చూచినదే. పగడపు జీవికి మంచినీరు గిట్టదు, బురద గిట్టదు. ఉప్పనై, వెచ్చనై, సూర్యరశ్మి అడుగుదాక దిగునంత తేటయైన నీరు దానికి కావలెను. గోదావరీ కృష్ణలు మంచినీటిని మట్టితో కలిపి పోయుచున్న తెలుగు తీరమున గొప్ప ప్రవాళభిత్తికలు పెరుగకుండుటకు ఇదియొక ముఖ్య కారణము. మన దేశమున అవి ప్రధానముగా మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు, ఈ చోట్లనే కలవు. వీనిలో మనవారికి మాటకు మాట దొరకు చోటు అండమాను. శ్రీకాకుళ విశాఖ ప్రాంతముల నుండి వలసపోయిన తెలుగు కుటుంబములు అక్కడ వేలకొలది స్థిరపడియున్నవి. జంగ్లీఘాట్ మత్స్యకారుల వాడలో తెలుగు చెవిని బడును.

పగడపు దిబ్బను చూచి రాయి యని భ్రమపడుట సహజము. గుండ్రని బండవంటి దాని నొకదానిని దగ్గరగా పరికించినచో, దాని మీద నువ్వుగింజంత, ఉలవగింజంత గుంటలు వేలకొలది కనబడును. ఒక్కొక్క గుంటలో మెత్తని జీవి యొకటి నివసించుచు, సముద్రజలము నుండి సున్నమును గ్రహించి తన క్రింద తానే ఇల్లు కట్టుకొనును. ఆ జీవి దేహములో కంటికి కానరాని నాచు కాపురముండి, సూర్యకాంతితో ఆహారము సిద్ధపఱచి, అందులో అధికభాగమును తనకు చోటిచ్చిన దానికే సమర్పించును. గద్వాల చీరలో నూలు ఒడలిని పట్టు అంచును నేతగాడు పోగునకు పోగు పెనవేసి కలుపునట్టి బంధము పగడమునకు నాచునకు గలదు. ఆ పెనవేత విడినచో చీర చీరగా నిలువదు. నీటి వేడి వేసవి పరిమితిని ఒక్క డిగ్రీ మించి కొన్ని వారములు నిలిచెనా, జీవి ఆ నాచును వెళ్ళగొట్టి, రంగు కోల్పోయి తెల్లబారును. అప్పటికింకను చావలేదు, పస్తున్నదన్నమాట. వేడి త్వరగా తగ్గినచో కోలుకొనును, లేకున్న నశించును. 1998లోను, 2010లోను, 2016లోను అండమాను పగడములు ఇట్లు తెల్లబారినవి. బండవలె పెరుగు జాతులు ఏటికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఎదుగునవి కావున, మోకాలెత్తు దిబ్బకు మన తండ్రుల వయస్సుండునని తలంపవలెను. దానిపై ఒక్క నిమిషము నిలుచుండి ముసుగు సవరించుకొనిన మనిషి ఎంతటి పని చేసినాడో ఆతనికి తెలియదు.

పోర్టుబ్లెయిరునకు, అనగా 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన నగరమునకు, సుమారు 30 కిలోమీటర్ల దూరమున వాండూరు కలదు. అక్కడ 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానము సుమారు 281 చదరపు కిలోమీటర్ల వైశాల్యము కలది. అందు 15 దీవులున్నవి. పగడములను చూడవచ్చు యాత్రికులకు జాలీబోయ్, రెడ్‌స్కిన్ అను రెండు దీవులనే, అదియు ఋతువు ననుసరించి ఒకదాని తరువాత నొకదానిని తెరతురు. ఒకటి జనుల తాకిడికి ఓర్చుచుండగా రెండవది విశ్రమించును. చేనిని ఒక పంటకాలము బీడు పెట్టుట ఎఱిగిన పాలమూరు రైతునకు దీని అర్థము విప్పి చెప్పనక్కరలేదు. అటవీశాఖ వారి అనుమతిపత్రమును, గుర్తింపు కార్డును ముందే సిద్ధపఱచుకొనవలెను. వాండూరు రేవున సంచులు వెదకి ప్లాస్టిక్కు వస్తువులను లోనికి పోనీయరు. నీటికొఱకు ధరావతు తీసికొని సీసా నిచ్చి, తిరిగి తెచ్చి ఇచ్చినపుడు సొమ్ము వాపసు చేయుదురు. చైత్ర పౌర్ణమినాడు నల్లమలలోని సలేశ్వరపు లోయకు దిగినపుడు దారి పొడవున పడియున్న సీసాలను చూచి మనసు కలుక్కుమన్న నాకు, ఆ ధరావతు ఏర్పాటు అన్నిచోట్ల నుండవలెనని అనిపించును.

మనవారు వేసవి సెలవులనే ప్రయాణమునకు ఎన్నుకొనుట వాడుక. ఏప్రిలు, మే మాసములలో నీరు మిక్కిలి వేడెక్కి పగడములు క్షీణించు కాలము. అప్పుడు వాని నింకను బాధించుట తగదు. సంక్రాంతి సెలవులు మేలు. పడవవారిని కుదుర్చుకొనునపుడు వెలకంటె ముందుగా రెండు ప్రశ్నలు అడుగవలెను: పడవను ముందే పాతియున్న తేలుగుండుకు కట్టుదురా, లేక లంగరును పగడముల మీదనే విసరుదురా? క్రొత్తవారు అలసినచో పట్టుకొనుటకు గాలి వలయమును వెంట తెత్తురా? వీనికి సూటిగా బదులు చెప్పనివానిని విడిచిపెట్టుట మంచిది. ఉబ్బసము, గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక దిగరాదు.

అసలైన సన్నాహము ఊరిలోనే జరుగవలెను. వనపర్తి దగ్గర మా ఊరి మోటబావిలో, నడుమునకు సొరకాయ బుర్ర కట్టి, మా పెద్దనాయన నాకు ఈత నేర్పిన దినములు ఇప్పటికిని కన్నులకు గట్టినట్లున్నవి. భయముతో నేను కాళ్ళు చేతులు తపతప కొట్టుకొనుచుండగా, ఆయన మెట్టు మీద కూర్చుండి, "కొట్టుకోకు బిడ్డా, నీళ్ళే మోస్తయి, నువ్వు ఊకుండు" అనెడివాడు. నేను మెల్లగా ఊకుంటిని, నీరు మోసినది. పగడముల పైన తేలువానికి కావలసిన విద్య సరిగా అదియే. మన ఈతగాండ్రకు కాళ్ళు గట్టిగా తాడించుట అలవాటు. అచట ఆ తాపులకు లేచిన ఇసుక పోయి పగడముల నోళ్ళలో పడును, కొమ్మలు విఱుగును. కావున పెద్దలు గట్టున నుండగా, లోతులేని ఈతకొలనులో, ముసుగు గొట్టము ధరించి బోరగిల కదలక తేలుట పది దినములు అభ్యసింపుడు. జూరాలలోను, సోమశిల కడను నదిలోనికి మాత్రము ఇందుకై దిగవలదు. అడుగు తెలియని నీరు అది.

చేపలకు బొరుగులు వేయుట మన రేవులలో పుణ్యకార్యము. అచట మాత్రము అది కూడదు. పగడము పైన పేరుకొను నాచును మేసి శుభ్రపఱచు చేపలు మన మెదుకులకు మరగినచో ఆ మేత మానును. ఎండకు పూయు లేపనములలో కొన్ని రసాయనములు పగడములకు హాని చేయునని తెలిసి, హవాయి రాష్ట్రము వానిలో రెండింటి అమ్మకమును 2021 జనవరి నుండి నిషేధించినది. నిండుచేతుల చొక్కా తొడుగుకొనినచో ఆ లేపనపు అవసరము చాల తగ్గును. ఇక పగడమును విఱిచి తెచ్చుట మాట తలపెట్టనే రాదు. వన్యప్రాణి రక్షణ చట్టము ననుసరించి పులికి గల రక్షణయే పగడమునకును కలదు.

నీటిలో చెవులు మునిగినంతనే కరకరమను మెల్లని చప్పుడొకటి వినబడును. చిలుకముక్కువంటి పండ్లు గల చేప పగడపు సున్నమును కొఱికి నమలుచున్న సవ్వడి అది. ఆ నమిలినదే దాని పొట్టనుండి తెల్లని ఇసుకయై వెలువడి, అలలతో గట్టు చేరును. తిరుగు పడవ ఎక్కునపుడు పిల్లల జేబులు వెదకి, ఆ ఇసుకను ఆ గట్టుననే దులిపివేయుడు.