‘ది డీల్’: ప్రేమకథలో పాత్రలు ఎదిగిన తీరు

కెనడా రచయిత్రి ఎల్ కెన్నెడీ 2015లో వెలువరించిన ‘ది డీల్’ కళాశాల క్రీడల నేపథ్యంలో సాగే ప్రేమ నవల. కల్పిత బ్రయర్ విశ్వవిద్యాలయంలో గారెట్ గ్రాహమ్ ఐస్ హాకీ జట్టు సారథి. నీతిశాస్త్రంలో మార్కులు పెరగకపోతే అతడు జట్టుకు దూరం కావలసిందే. సంగీత విద్యార్థిని హన్నా వెల్స్ అతడికి పాఠం చెప్పాలి. బదులుగా, ఆమె మనసుపడిన మరో యువకుడి దృష్టి ఆమెపై పడేలా గారెట్ ప్రియుడిగా నటించాలి. ఇంతవరకు పాత సరుకే.

అసలు కథ దీని వెనుక ఉంది. గారెట్ తండ్రి హాకీలో పేరుమోసిన క్రీడాకారుడు. ఇంట్లో భార్యాబిడ్డలపై చేయిచేసుకున్నవాడు. కొడుకును ఆటలోకి నెట్టిందీ ఆయనే. తండ్రిపై ద్వేషంతో ఆటను వదులుకోకుండా దానిని తనదిగా చేసుకోవడంలోనే గారెట్ పరిణతి తెలుస్తుంది.

హన్నా పదిహేనేళ్ల వయసులో అత్యాచారానికి గురైంది. నవల ఆరంభమయ్యేనాటికే ఆమె చికిత్స పొంది, చాలావరకు తేరుకుంది. కాబట్టి నాయకుడి ప్రేమే ఆమెను ఉద్ధరించిందనడం సరికాదు. ఎవరిని నమ్మాలో, ఎంత వేగంగా దగ్గరవ్వాలో ఆమే నిర్ణయిస్తుంది. గారెట్ అందుకు తగ్గట్టు నడుచుకుంటాడు. ఈ తరహా నవలల్లో ఇది అరుదే.

అయితే గారెట్ తండ్రి బెదిరించినప్పుడు హన్నా తడబడుతుంది. కారణం దాచి అతడికి దూరమవుతుంది. అతడు తీసుకోవలసిన నిర్ణయాన్ని తానే తీసుకున్నానని గ్రహించడానికి ఆమెకు కొంతకాలం పడుతుంది.