ట్రక్కు కింద ఆ మూత చూశారా?

మిషిగన్, ఒహాయో వైపు ఉండే అక్కచెల్లెళ్లూ, చలికాలం వెళ్లగానే మీ పికప్ ట్రక్కు కిందికి ఒకసారి వంగి చూడండి. వెనక ఇరుసు మధ్యలో గిన్నె అతికించినట్టు ఉండేదే డిఫరెన్షియల్ కవరు. బండితో వచ్చేది చాలావరకు స్టీలు రేకు. రోడ్డు మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టి, మెల్లగా గేర్ ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది. ఆయిల్ తగ్గితే గేర్లు అరుగుతాయి. మరీ ముదిరితే హైవే మీదే వెనక చక్రాలు బిగుసుకుపోవచ్చు.

కొత్తది కొనేటప్పుడు ట్రక్కు పేరు చెప్తే చాలదండీ. మేం అలాగే తెప్పించి, బోల్టు కన్నాలు కలవక వెనక్కి పంపాం. ఎఫ్-150నే తీసుకోండి: కొన్నిటికి 8.8 అంగుళాల యాక్సిల్, కవరుకి 10 బోల్టులు, కొన్నిటికి 9.75 అంగుళాలది, 12 బోల్టులు. ముందు బోల్టులు లెక్కపెట్టండి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి.

రెక్కల్లా గీతలున్న అల్యూమినియం కవర్లు స్టీలులా తుప్పు పట్టవు. కొన్నిటికి కింద ఆయిల్ వదిలే ప్లగ్గు కూడా ఉంటుంది, అది మాత్రం నిజంగా సుఖం! కానీ లోపలివైపు చదునుగా ఉన్నవి నాకు నచ్చవు. పాత కవరు వంపే ఆయిల్‌ని మళ్లీ గేర్ల వైపు తిప్పుతుంది. బరువులు లాగని ఇంటి బండికి మంచి పెయింటున్న స్టీలుదే చాలు.

మీవారు విప్పినా, మెకానిక్ విప్పినా, ముందు ఆయిల్ పోసే ప్లగ్గు ఊడుతుందో లేదో చూడమనండి. అది బిగుసుకుపోయి ఉంటే, ఉన్న ఆయిల్ వదిలేశాక మళ్లీ పోయడానికి దారుండదు.