మొండితనం పిల్లలది ఒక్కరిదే కాదు

గురుగ్రామ్‌కు బదిలీపై వచ్చిన మన కుటుంబాల్లో తరచూ వినిపించే మాట ఇది: "ఊళ్లో ఉన్నప్పుడు చెప్పిన మాట వినేవాడు, ఇక్కడికొచ్చాక మొండికేస్తున్నాడు." తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చినా ఎదురు చెప్పినట్టే తోస్తుంది. రోజంతా బడిలో మాట్లాడిన భాష నోటికి ముందొస్తుంది, అంతే. సర్దిచెప్పే అమ్మమ్మా తాతయ్యా ఫోన్‌లోనే కనిపిస్తారు. తప్పు ఎవరిదని వెతికే ముందు, మొండితనం ఎలా అలవాటవుతుందో చూద్దాం.

అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ 1982లో వెలువడిన తన పుస్తకంలో దీన్ని వివరించారు. "ఫోన్ ఇచ్చెయ్" అంటాం. పిల్లవాడు వినడు. గొంతు పెంచుతాం. వాడు ఏడుపు పెంచుతాడు. పక్క ఫ్లాట్‌కు వినబడుతుందని "సరే, ఇంకో పది నిమిషాలు" అంటాం. ఏడుపు ఆగుతుంది. ఏడిస్తే పనవుతుందని వాడు నేర్చుకుంటాడు, వదిలేస్తే గొడవ ఉండదని మనం నేర్చుకుంటాం. ఇంకోరోజు మనం గట్టిగా అరిస్తే వాడు లొంగుతాడు. అప్పుడు అరుపే మందని మనకు అనిపిస్తుంది. ఇలా రోజురోజుకూ రెండువైపులా గొంతు పెరుగుతుంది.

మాట వినడంలోనూ రెండు రకాలున్నాయని గ్రజినా కొచాన్‌స్కా అనే పరిశోధకురాలు చెప్పారు. పెద్దలు వెంటపడినంతసేపే బొమ్మలు సర్దడం ఒకటి. ఎవరూ గుర్తుచేయకపోయినా ఇష్టంగా సర్దడం రెండోది. తల్లీబిడ్డలు కలిసి సంతోషంగా గడిపే ఇళ్లలో ఈ రెండోది ఎక్కువగా కనిపించిందని 1995లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

బ్రాంచి నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లు కూడా చేయగలిగినవి కొన్ని:

• ఇల్లు చేరగానే "హోంవర్క్ అయిందా?" అని అడగకుండా, ఐదు నిమిషాలు పిల్లలు ఎంచుకున్న ఆట ఆడండి. ఆ కాసేపు ఆజ్ఞలూ ప్రశ్నలూ వద్దు.

• ఒకసారి ఒకే పని చెప్పండి. "బుద్ధిగా ఉండు" అనేకంటే "బూట్లు స్టాండులో పెట్టు" అంటే అర్థమవుతుంది.

• ఆట ఆపించే ముందు ఐదు నిమిషాల గడువు చెప్పండి.

• ఇవ్వదలచుకుంటే ఏడుపు మొదలవకముందే ఇవ్వండి. కాదన్నాక ఆ మాట మీదే ఉండండి. మొదట్లో ఏడుపు పెరగవచ్చు, కంగారు పడకండి.

• మాట విన్నప్పుడు ఏం చేశారో చెప్పి మెచ్చుకోండి.

రెండు మూడేళ్ల వయసులో "వద్దు" అనడం ఎదుగుదలలో భాగమే. కానీ కొట్టడం, వస్తువులు విసరడం వారాల తరబడి సాగితే, బడిలోనూ అదే తీరు ఉంటే, పిల్లల డాక్టరును సంప్రదించడం మంచిది.