విద్యార్థులు - వక్తృత్వము

ఆగస్టు 15వ తేదీ ఉదయము. పాఠశాల ఆవరణలో జెండా ఎగిరినది. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు వేదిక నెక్కి సభకు నమస్కరించెను. ఉపాధ్యాయుడు వ్రాసియిచ్చిన నాలుగు పుటల ఉపన్యాసమును అతడు వారము దినములు వల్లించి వచ్చినాడు. మూడవ వాక్యమున ఒక మాట జారిపోయినది. దానితో తక్కినదంతయు జారిపోయినది. మరల మొదటినుండి ఎత్తుకొనెను. మరల అక్కడనే ఆగెను. వెనుక వరుసలో ఎవరో నవ్విరి. బాలుడు తలవంచుకొని దిగిపోయెను. ఇట్టి దృశ్యమును చూడని ఉపాధ్యాయుడు అరుదు. ఆ బాలుడు మరల ఎన్నడైన వేదిక నెక్కునా యని ఆలోచించువారు అంతకంటె అరుదు.

వక్తృత్వము పుట్టుకతో రావలసినదే కాని నేర్చిన వచ్చునది కాదని పలువురి నమ్మకము. 1888లో న్యాయశాస్త్రము చదువుటకై లండను నగరమునకు వెళ్లిన మోహనదాసు గాంధి అక్కడి శాకాహారుల సభలలో నోరు మెదపలేకపోయెను. ఒకమారు వ్రాసి తెచ్చుకొన్న కాగితమును చదువుటకు లేచి, కన్నులు మసకలు క్రమ్మి, దేహము వణకగా, దానిని మరియొకరిచేత చదివింపవలసి వచ్చెను. 1891లో స్వదేశమునకు బయలుదేరునపుడు మిత్రులకిచ్చిన విందులో, సిద్ధపరచుకొన్న ప్రసంగము మొదటి వాక్యముతోనే ఆగిపోయెను. ఈ సంగతులను ఆయనయే ఆత్మకథలో దాపరికము లేక వ్రాసినాడు. ఆ జంకువలననే మాటల పొదుపు అలవడినదనియు చెప్పినాడు. అట్టివాని మాట వినుటకు తరువాతి కాలమున లక్షలాది జనులు కూడిరి. కనుక వేదికపై కాళ్లు వణకుట అశక్తతకు గుర్తు కాదు. అది ప్రతి వక్తయు దాటవలసిన మొదటి మెట్టు మాత్రమే.

వక్తకు ప్రథమావశ్యకము విషయ పరిజ్ఞానము. 1925లో తణుకున జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్సభలో గిడుగు వేంకట రామమూర్తిగారు వ్యావహారిక భాషా పక్షమున నాలుగు గంటలసేపు ప్రసంగించిరి. అంతసేపు సభ్యులను కూర్చుండబెట్టినది కంఠబలము కాదు. శాసనములనుండి, కావ్యములనుండి ఆయన ఏండ్ల తరబడి ఏరి కూర్చుకొన్న ఉదాహరణములే సభను గెలిచినవి. విద్యార్థికి నాలుగు గంటలు అక్కరలేదు. అయిదు నిమిషములు చాలును. కాని ఆ అయిదు నిమిషములలో తాను చూచినదో, చదివినదో, విచారించి తెలిసికొన్నదో ఒక్కటైన ఉండవలెను. నీటి పొదుపును గూర్చి మాటలాడు బాలుడు లోకములోని నదులన్నిటిని వర్ణింపనేల? తన వీథిలోని కుళాయివద్ద ఒక గంటసేపు నిలిచి, ఎన్ని బిందెలు నిండినవో, ఎంత నీరు నేలపాలైనదో లెక్కించి చెప్పిన చాలును. సభ చెవియొగ్గి వినును.

రెండవది కూర్పు. ఒక ప్రసంగమున కొక ప్రధానాంశము. దానిని నిలబెట్టుటకు రెండు మూడు యుక్తులు. ప్రతి యుక్తికి ఒక నిదర్శనము. చివర మొదటి మాటను జ్ఞప్తికి తెచ్చు ముగింపు. ఈ అంశముల పేర్లను చిన్న చీటిపై వ్రాసికొన్న చాలును. వాక్యములను కంఠస్థము చేయరాదు, భావముల వరుసను కంఠస్థము చేయవలెను. వాక్యమును నమ్మినవాడు ఒక్క పదము మరచిన నిలిచిపోవును. భావమును నమ్మినవానికి ఆ పదము పోయిన మరియొక పదము దొరకును.

మూడవది ఉచ్చారణము. ఇందు మన పూర్వులు చూపిన శ్రద్ధ ఆశ్చర్యకరమైనది. పాణినీయ శిక్ష అధమ పాఠకులను ఆరు విధములుగా లెక్కించినది: రాగము తీయువాడు, తొందరపడువాడు, తల యాడించువాడు, వ్రాతను చూచి చదువువాడు, అర్థము తెలియనివాడు, గొంతు పెగలనివాడు. నేటి పాఠశాల సభలలో ఈ ఆరుగురును కనబడుదురు! ఆ గ్రంథముననే ఒక చక్కని ఉపమానము కలదు. ఆడుపులి తన పిల్లలను కోరలతో పట్టి తీసికొనిపోవునపుడు వానికి కాటుపడనీయదు, జారిపడనీయదు. అక్షరములను అట్లు పలుకవలెను. శ, ష, సలకు భేదము లేక, ళకారము లకారముగా, ణకారము నకారముగా మారిపోవుచున్న ఈ కాలమున దినమునకు పది నిమిషములు బిగ్గరగా చదువుట కంటె మంచి మందు లేదు.

నాలుగవది నిలుకడ. కిష్కింధాకాండమున హనుమంతుని తొలి పలుకులు విని శ్రీరాముడు లక్ష్మణునితో వానిని మెచ్చుకొనును. ఆ మాటలు విస్తరించి పోలేదు, సందేహమునకు తావీయలేదు. మిక్కిలి వేగము లేదు, మిక్కిలి జాగును లేదు. స్వరము మధ్యమముగా నున్నది. పలుకునపుడు కన్నులయందు గాని కనుబొమలయందు గాని వికారము లేదు. వక్తృత్వ లక్షణములన్నియు ఇందే కలవు. మైకు వచ్చినను ఈ సూత్రము మారలేదు. దాని ముందు అరచినచో మాట పగులును; దానికి దూరముగా గొణిగినచో మాట అందదు.

ఇక ఉపాధ్యాయుల కర్తవ్యము. ప్రతి సభకును చురుకైన ఆ ఇద్దరు ముగ్గురినే నిలబెట్టుట వలన పాఠశాలకు బహుమతులు వచ్చునేమో కాని, తక్కిన పిల్లలకు మాట రాదు. వారమున కొక్క గంట కేటాయించి, తరగతిలోని ప్రతి బాలునకు, ప్రతి బాలికకు వంతుల ప్రకారము రెండేసి నిమిషములు ఇచ్చిన సంవత్సరము తిరుగకముందే భయము వదలును. ఆ గంటలో తడబడినవానిని చూచి నవ్వరాదను నియమ మొక్కటి తప్పక పాటింపజేయవలెను. వినుటయు విద్యయే. రేపు గ్రామసభలో తన వీథి కష్టమును చెప్పుకొనవలసిన పౌరుడు నేడు తరగతి గదిలో కూర్చున్న ఆ బెరుకు పిల్లవాడే. వాని నోరు ఇక్కడ విప్పనిచో వాని పక్షమున ఎవరో మాటలాడుదురు. వారు చెప్పునది వాని మాట కాకపోవచ్చును.

ఆనాడు దిగిపోయిన బాలునకు వచ్చు సంవత్సరము నాలుగు పుటలు వ్రాసి యీయనక్కరలేదు. "నీకు తెలిసినది నాలుగు మాటలు చెప్పుము" అని ముందు వరుసలో కూర్చుండి, అతడు ముగించువరకు వినిన చాలును.