గాలము వేయువారికి రాకెట్టు ఏల?

ఇంగ్లండు సరస్సులలో కార్పు చేపలు పలుమారు గట్టుమీది అలికిడికి దూరముగా మేయుచుండును. మఱి వాటిని ఆకర్షించు ఎరను అంత దూరము చేర్చుట ఎట్లు? మొక్కజొన్న గింజలను పిడికిట పట్టి విసరినచో, ఒక్కొక్క గింజ మిక్కిలి తేలికయగుటవలన వాయునిరోధము దాని వేగమును త్వరలోనే హరించి, గింజలన్నియు చెల్లాచెదరై సమీపముననే పడిపోవును. కావున గాలము వేయువారు ‘స్పాడ్’ అను రాకెట్టు ఆకారపు బోలుగొట్టములో ఎరను నింపి, బలమైన గాలపుకఱ్ఱతో విసరుదురు. భారమంతయు ఒక్కటై, మొన గాలిని చీల్చుకొనిపోవుటచేతను, తోకరెక్కలు దారి తప్పనీయకుండుటచేతను అది సుదూరము పోవును. నీటబడగానే, తేలు స్వభావముగల మొన పైకి లేచి, తెఱచియున్న తోక క్రిందికి వాలి, ఎర జారిపోవును. దారమును చుట్టలోని క్లిప్పునకు తగిలించినచో స్పాడ్ ప్రతిసారియు అదే దూరమున ఆగును. అయితే బాలలారా, ఎర మితిమీరినచో కడుపు నిండిన చేప గాలమువంక చూడనే చూడదు!