నోరు పీకినప్పుడు నాలుగడుగులు

సిగరెట్ మానేసినవాళ్లకు తొలి రెండు మూడు రోజులు పెద్ద గండం. భోజనం కాగానే, టీ గ్లాసు చేతికి రాగానే నోరు పీకుతుంది. చిరాకు, నిద్రలేమి, ఏ పనిలోనూ మనసు నిలవకపోవడం. ఇంత బాధలోనూ ఒక వెసులుబాటు ఉంది. ఆ యావ ఒక్కోసారి వచ్చి పోయేది కొద్ది నిమిషాల్లోనే. ఆ కాస్త సేపు ఎలా గట్టెక్కాలన్నదే అసలు సమస్య.

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ కాస్త సేపు వ్యాయామంతో గట్టెక్కవచ్చా అన్నది మెదడు స్కానింగ్‌తో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. పాల్గొన్నది పదిమందే. పదిహేను గంటలు సిగరెట్ ముట్టకుండా వచ్చినవారిని ఒకసారి పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. మరోసారి అంతే సేపు వ్యాయామ సైకిల్ తొక్కించారు. తర్వాత సిగరెట్ బొమ్మలు చూపించారు. కూర్చుని వచ్చిన రోజు ఆ బొమ్మలకు మెదడులో ఆశతో ముడిపడిన భాగాలు చురుగ్గా స్పందించాయి. సైకిల్ తొక్కిన రోజు ఆ ఉరవడి కనిపించలేదు, యావ కూడా తగ్గింది.

మరి అలవాటే పోతుందా? అమెరికాలో బెస్ మార్కస్ బృందం 281 మంది మహిళలతో చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. అందరికీ పన్నెండు వారాల కౌన్సెలింగ్ ఇచ్చారు. ఒక వర్గం చేత మాత్రం వారానికి మూడుసార్లు ఒళ్లు చెమటలు పట్టేలా వ్యాయామం చేయించారు. ఏడాది తర్వాత వ్యాయామం చేసినవారిలో 11.9 శాతం, చేయనివారిలో 5.4 శాతం పొగకు దూరంగా ఉన్నారు. పైగా వ్యాయామం చేసినవారు బరువు పెరిగిందీ తక్కువే. మానేస్తే లావైపోతామని జంకేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

ఇంతవరకే చెప్పి ఆపడం తప్పవుతుంది. 2019లో, వైద్య ఆధారాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 24 ప్రయోగాలను, 7,279 మంది వివరాలను కలిపి చూసింది. వ్యాయామం జోడించినందువల్ల ఎక్కువమంది శాశ్వతంగా మానేశారనడానికి ఆధారం దొరకలేదు.

కాబట్టి వ్యాయామాన్ని మందు అనుకోకూడదు, ఊతకర్ర అనుకోవాలి. కౌన్సెలింగ్, నికోటిన్ చూయింగ్ గమ్, డాక్టరు రాసిన మాత్రలు ప్రధానం. యావ పుట్టిన క్షణాన అగ్గిపెట్టె వెతక్కుండా వీధి చివరిదాకా వడివడిగా నడిచి రావడం వాటికి తోడు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

మానాలన్న ఆలోచన ఉంటే ఈ రోజే 1800-11-2356కు ఫోన్ చేయండి. పొగాకు ప్యాకెట్ల మీద అచ్చువేసే నంబరే అది. కాల్ ఉచితం.